వాన పడితే బస్సులో గొడుగు

సంపాదకుడి గారికి, చిత్తూరు నుంచి తిరుపతికి రోజూ బస్సులో పోయి వస్తాను. పోయిన వారం వానకి బస్సు పైకప్పు కారి, నా ముందు సీట్లో ఉన్న పెద్దావిడ దారంతా గొడుగు పట్టుకునే కూర్చున్నారు, చూస్తుంటే ప్రాణం ఉసూరుమంది. కిటికీ అద్దాలు జరగవు, గేరు మార్చినప్పుడల్లా బండంతా వణుకుతుంది, చంద్రగిరి చేరేలోపు ఎక్కడ ఆగిపోతుందోనని టెన్షన్. డ్రైవరన్న తప్పేం లేదు పాపం. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లదని కేంద్రం నిబంధన పెట్టింది, మంచిదే. కానీ వయసొక్కటే చూస్తే చాలదు, బండి ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగిందో కూడా చూడాలి. తిరుమల ఘాట్‌లో ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి కదా, మా రూటుకి కనీసం కారని బస్సు వేయండి.

– ఒక ప్రయాణికుడు, చిత్తూరు