విదేశాంగ మంత్రి గారికి, ఒక చిన్న పడవ గురించి

అయ్యా, నమస్కారం.

గాజా గురించి మీకొచ్చే అర్జీలకు కొదవ ఉండదు. దీన్నీ ఆ కట్టలోనే పెట్టించండి, కానీ పెట్టేముందు ఒక్కసారి చదవండి.

మాడ్లీన్ సంగతి మీకు తెలిసిందే. గాజాకు సాయం తీసుకుని బయల్దేరిన పడవ, గాజాలో చేపలు పట్టే ఒక మహిళ పేరు పెట్టుకున్నది. అందులో 12 మంది. పాలపొడి, బియ్యం, పిండి, డైపర్లు, చంకకర్రలు, అవయవాలు పోగొట్టుకున్న పిల్లల కోసం కృత్రిమ కాళ్లు, చేతులు. 2025 జూన్ 9న, గాజా ఇంకా 185 కిలోమీటర్ల దూరం ఉండగానే, అంతర్జాతీయ జలాల్లో ఇజ్రాయెల్ నేవీ దాన్ని పట్టుకుని అష్దోద్ రేవుకు తీసుకుపోయింది.

అది ఉత్త సెల్ఫీ పడవ అని వాళ్ల విదేశాంగ శాఖ ఎగతాళి చేసింది. ఒక లారీ సరుకు కూడా లేదంది. సరే, లేదనే అనుకుందాం. మరి లారీ సరుకు కూడా లేని పడవ మీదికి నేవీ దేనికండీ? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం కాదా? ఆయుధాలు వస్తాయని భయమంటారా, పాలడబ్బాలు విప్పి చూసుకుని వదిలేయొచ్చు కదా! ఆ సరుకు వేరే దారిన పంపిస్తామన్నారు. దారులున్నాయట! 2025 మార్చి 2 నుంచి రెండు నెలలకు పైగా గింజ పోనివ్వకుండా మూసింది ఆ దారుల్నే.

2010లో ఇలాగే గాజాకు సాయంతో వెళ్తున్న తుర్కియే నౌక మావి మర్మరా మీద ఇజ్రాయెల్ చేసిన దాడిలో 10 మంది పోయారు. అందులో ఒకాయన నాలుగేళ్లు కోమాలో ఉండి పోయాడు. 2013లో నెతన్యాహు తుర్కియేకు క్షమాపణ చెప్పాడు. అయినా 2025 అక్టోబరులో 40కి పైగా పడవలొస్తే ఒక్కదాన్నీ ఒడ్డుకు చేరనివ్వలేదు.

వాళ్ల సంగతి సరే, మన సంగతేంటి? మాడ్లీన్‌ను పట్టుకున్న మూడు రోజులకే, జూన్ 12న, కాల్పులు ఆపాలనీ దిగ్బంధం ఎత్తేయాలనీ ఐరాస సర్వసభ్య సభలో తీర్మానం పెట్టారు. 149 దేశాలు అవునన్నాయి. మనం ఓటే వేయలేదు. చర్చలే మార్గమన్నాం. గోడ మీద పిల్లికి కూడా ఎప్పుడో ఒకప్పుడు దూకక తప్పదండీ. 1988లోనే పాలస్తీనాను గుర్తించిన దేశం మనది. 2023 అక్టోబరులో 38.5 టన్నుల మందులు, సామగ్రి ఈజిప్టుకు విమానంలో పంపితే నాకు గర్వంగానే అనిపించింది. మనం పంపితే మానవతా సాయం, వాళ్లు పడవలో వేసుకెళ్తే సెల్ఫీయా?

యుద్ధం చేయమనడం లేదు. సంబంధాలు తెంచుకోమనీ అనడం లేదు. తిండి పట్టుకెళ్లే పడవను నడిసముద్రంలో ఆపడం తప్పు అని ఒక్క వాక్యం అనండి. గట్టిగా అనక్కర్లేదు. మీ శాఖ వాడే ఆ మెత్తటి మాటల్లోనే, 'ఆందోళన కలిగిస్తోంది' అని అన్నా చాలు.

ఇట్లు,
మీ మాట కోసం చూస్తున్న ఒక ఓటరు