వార్షిక నివేదిక: ఈ ఏడాదంతా తూటికూర చుట్టూనే

సభ్యులందరికీ నమస్కారం.

రేవు మెట్ల మరమ్మతు, వీధి దీపాలు, చలివేంద్రం ఎప్పటిలాగే నడిచాయి. జమాఖర్చుల కాగితం జతచేశాం. ఎక్కువ పొద్దు పోయింది మాత్రం తూటికూర మీదే. నీళ్లలో పాకే ఈ ఆకుకూరలోకి విషలోహాలు ఎక్కుతున్నాయేమోనని మా బెంగ.

వినాయక నిమజ్జనం తర్వాత రేవు పక్క ఒండ్రులో ఓ బొమ్మ చెయ్యి తేలింది. పసుపురంగు పొలుసులుగా ఊడుతోంది, వేళ్ల సందుల్లోంచి తూటితీగ పాకింది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదని 2017 నవంబరు నుంచి నిబంధన ఉంది. విగ్రహాల రంగు డబ్బా ఎవరు చూడొచ్చారు?

రంగుతోనే అయిపోలేదు. ధవళేశ్వరం నుంచి పంటకాలువలో వచ్చే నీళ్లు వేరు, మురుగు డ్రెయిను నీళ్లు వేరు. డ్రెయిన్లోకి ఊళ్ల మురుగూ, మైలుతుత్తం (రాగి ఉండే మందు) చల్లిన చెరువుల నీళ్లూ, పొలాల నీళ్లూ దిగుతాయి. ఫాస్ఫేటు ఎరువుల్లో కాస్తో కూస్తో కాడ్మియం అనే విషలోహం ఉంటుంది. ఈ లోహాలు అడుగు బురదలో పోగుపడి, వేళ్ల గుండా మొక్కలోకి ఎక్కుతాయి. వేళ్లలో ఎక్కువ, ఆకులో తక్కువ. తామర దుంపయితే పెరిగేదే బురదలో. కడిగితే మట్టి పోతుంది గానీ, లోపలికి ఎక్కినది ఉడికించినా పోదు.

పరీక్షకు పంపి పరువు పోగొట్టుకున్నాం. కుర్రాళ్లు తుప్పుపట్టిన పారతో బురద తవ్వి, స్టీలు క్యారియర్లో పట్టుకెళ్లారు. "లోహాలు వెతకడానికి ఇనప పారతో తీశారా?" అని ల్యాబువాళ్లు వెనక్కి పంపేశారు. ముందే కనుక్కోవలసింది కార్యదర్శిగా నేనే. ఆకుకూరల్లో కిలోకు సీసం 0.3, కాడ్మియం 0.2 మిల్లీగ్రాములు మించరాదన్నది కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) పరిమితి. అంత చిన్న లెక్కలో పార తుప్పు కూడా లెక్కే.

సర్వసభ్య సమావేశంలో కూర అమ్ముకునే పెద్దావిడ లేచి, "నలభై ఏళ్లుగా ఇదే తింటున్నాను బాబూ, నాకేమైందండి?" అంది. మూత్రపిండాల్లో చేరిన కాడ్మియం సగానికి తగ్గాలన్నా 10 నుంచి 30 ఏళ్లు పడుతుందని చెప్పాను. "అయితే నా బేరం మాటేంటి?" అంది. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

అందుకే కూర తినొద్దని దండోరా వేయించలేదు. డ్రెయిను గట్టునా నిమజ్జనం రేవులోనూ కోయొద్దని తీర్మానించాం. లాకుల ఎగువన, పంటకాలువ నీరు పారే రెండు మడులు ఓ రైతుని అడిగి ఆవిడకు ఇప్పించాం. డ్రెయిన్లో లాగిన గుర్రపుడెక్క గేదెలకు వేయకండి, అది లోహాల్ని మహా బాగా పీలుస్తుంది.

వేసవిలో కాలువలు కట్టేశాక మళ్లీ నమూనాలు తీస్తాం. ప్లాస్టిక్ గరిటెలు, కొత్త సంచులు సంఘమే ఇస్తుంది. దయచేసి పారలు తేవద్దు.

ఇట్లు,
కార్యదర్శి