క్లాసు ఎవరు చెప్పారో కూడా అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ప్రొఫెసర్లు రాజకీయాల్లో దూరి చదువుల్ని పాడుచేస్తున్నారని మొన్న మీ పేపర్లో ఒకాయన రాసిన ఉత్తరం చదివా. కోపం అర్థమైంది గానీ అందర్నీ ఒకే గాటన కట్టేశారు, అదే నచ్చలేదు. నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో పొలిటికల్ సైన్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, ఆయన తిడుతున్న రకం మనిషిని స్టాఫ్ రూంలో పక్క కుర్చీలోనే ఏళ్ళ తరబడి చూశా, అందుకని నాలుగు ముక్కలు రాస్తున్నా, పొడుగైతే కత్తిరించుకోండి.

ముందు పెద్దవాళ్ళ సంగతి. ఎన్.జి. రంగా గారు మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో ఎకనామిక్స్ చెప్పినాయనే, 1930లో కేంద్ర శాసనసభకి వెళ్ళారు, ఆ తర్వాత రైతుల మనిషిగానే జనానికి గుర్తు. జయశంకర్ సార్ కాకతీయ యూనివర్సిటీ వీసీ దాకా చేశారు, జీవితమంతా తెలంగాణ అనే మాట మీదే ఉన్నారు గానీ ఎన్నికల్లో నిలబడలేదు. కోదండరాం సార్ ఉస్మానియాలో మా సబ్జెక్టే, 2011లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె 42 రోజులు నడిచినప్పుడు ఉద్యమ సంఘాల ఉమ్మడి కమిటీ జేఏసీకి ఛైర్మన్ ఆయనే, ఊళ్ళల్లో జనం సార్ సార్ అంటూ వెనకాల తిరిగారు. అదే సార్ 2018లో పార్టీ పెట్టి 2021లో నల్గొండ ఖమ్మం వరంగల్ గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీకి నిలబడితే మూడో స్థానం వచ్చింది. అంతకుముందు ఇండిపెండెంట్‌గా రెండుసార్లు గెలిచిన ప్రొఫెసర్ నాగేశ్వర్ గారు కూడా అదే రోజు హైదరాబాద్ సీటులో ఓడిపోయారు. ఉద్యమంలో సార్ అనిపించుకోవడం వేరు, బ్యాలెట్ మీద ఒకటో అంకె వేయించుకోవడం వేరండి (ఈ ఎన్నికలో టిక్కు కాదు, ఇష్టమైన వరసలో అంకెలు వెయ్యాలి).

అన్నట్టు ఆ హైదరాబాద్ సీటులో 93 మంది నిలబడ్డారు, బ్యాలెట్ కాగితం విప్పితే మీ పేపరంత ఉంది. అంకె వెయ్యమంటే టిక్కులు పెట్టి, వాళ్ళిచ్చిన పెన్ను కాకుండా జేబులో పెన్నుతో రాసి వేల ఓట్లు చెల్లకుండా చేసుకున్నారు, అందరూ డిగ్రీ పాసైనవాళ్ళే. ఆ పాసు చేయించినవాళ్ళం మేమే కాబట్టి దాని గురించి ఇంకెక్కువ మాట్లాడను.

అసలు విషయానికొస్తా. పెద్ద ప్రొఫెసర్ల పేర్లు అందరికీ తెలుసు, కింద స్థాయిలో జరిగేదే ఎవరూ రాయరు. యూనివర్సిటీలో ఉన్నాయనకి ఉన్న వెసులుబాటు ప్రభుత్వ డిగ్రీ కాలేజీ లెక్చరర్‌కి లేదు. 1964 నాటి ప్రభుత్వోద్యోగుల కండక్ట్ రూల్స్ ప్రకారం మేం పార్టీలో చేరకూడదు, ప్రచారం చెయ్యకూడదు, ఆఖరికి వార్డు మెంబరుగా నిలబడాలన్నా ఉద్యోగం వదులుకోవాల్సిందే. మరి రాజకీయం పిచ్చి ఉన్న లెక్చరర్ ఏం చేస్తాడు? ఇంట్లో వాళ్ళని నిలబెడతాడు.

మా స్టాఫ్ రూం మనిషి చేసింది అదే. మున్సిపల్ వార్డు మహిళలకి రిజర్వ్ అయింది, వాళ్ళావిడ నిలబడి గెలిచింది. కాగితం మీద కౌన్సిలర్ ఆవిడ, ఫోన్లన్నీ ఈయనకి. ఉదయం రెండో పీరియడ్‌లో ఈయన బోర్డు మీద 'అధికార వికేంద్రీకరణ' అని హెడ్డింగ్ రాస్తుండగా ఫోన్ మోగేది, ట్యాంకర్ రాలేదనో మురిక్కాలవ పొంగిందనో. చాక్‌పీసు పట్టుకునే వరండాలోకెళ్ళి మాట్లాడేవాడు, పిల్లలు కిటికీలోంచి వింటూ నవ్వుకునేవాళ్ళు. ఒక్కోసారి ఆ వరండాలోంచి అటే బండేసుకుని వెళ్ళిపోయేవాడు. ఆ క్లాసు ఎవరు చెప్పాలి, పక్కన ఖాళీగా ఉన్నవాడే కదా, అంటే నేను. నాకు ఒళ్ళు మండిన రోజులు చాలా ఉన్నాయి, ప్రిన్సిపాల్ మాత్రం మున్సిపాలిటీతో పనులుంటాయని చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

ఇంతే అయితే మీకు ఉత్తరం రాసిన ఆయనతో కలిసి నేనూ తిట్టేవాణ్ణే. కానీ ఇంకో రోజు జరిగింది కూడా చెప్పాలి. ఈయన కౌన్సిల్ మీటింగ్ ఎజెండా కాపీ ఒకటి జిరాక్స్ తీయించి ఫైనలియర్ పిల్లలకి పంచాడు. అప్పటిదాకా వాళ్ళకి మున్సిపాలిటీల పనులూ అధికారాలూ చెప్పే 74వ రాజ్యాంగ సవరణ అంటే 1992, పన్నెండో షెడ్యూలు, 18 అంశాలు, ఐదు మార్కుల ప్రశ్న, అంతే. ఆ రోజు వరసగా ఒక్కో అంశం చదివించి ఇది ఆ పద్దెనిమిదిలో ఏది కిందకొస్తుందో చెప్పండ్రా అన్నాడు. వీధి దీపాల మరమ్మతు, శ్మశానం ప్రహరీ, కుక్కల బెడద. ఒక అమ్మాయి లేచి, సార్ మా వీధి కల్వర్టు ఇందులో లేదేంటి, పోయినసారి ఫొటో దిగి కొబ్బరికాయ కొట్టారు కదా అంది. ఆయన ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు, తర్వాత టేబుల్ ఐటమ్ అంటే ఏంటో, ఎజెండాలో లేని పని చివరి నిమిషంలో ఎట్లా పెడతారో, ఎవరు పెట్టిస్తారో గంట కొట్టాక కూడా చెప్పాడు. ఒక్కడూ కదల్లేదు. నా సర్వీసు మొత్తంలో అలాంటి క్లాసు నేను చెప్పలేదు, చెప్పలేను కూడా, ఎందుకంటే నాకు తెలిసిన మున్సిపాలిటీ పుస్తకంలోది.

కాబట్టి రాజకీయం తెలిసిన మాస్టారు పిల్లలకి నష్టం అంటే నేను ఒప్పుకోను. నష్టం చేసేది దొంగచాటుతనం. జీతం ఇక్కడ, మనసక్కడ, సంతకం ఆవిడది, పెత్తనం ఈయనది. పాపం ఆవిడ డిగ్రీ చదివిన మనిషి, మాట్లాడగలదు, అయినా మొదటి రెండేళ్ళు మీటింగ్‌లో ఈయన రాసిచ్చిన కాగితమే చదివింది. ఈయనకి ట్రాన్స్‌ఫర్ అయ్యి దూరం వెళ్ళాకే ఆవిడ సొంతంగా మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ ట్రాన్స్‌ఫర్ కూడా అవతలి పార్టీ వాళ్ళు పట్టుబట్టి చేయించిందే, పగతో చేసినా ఆ వార్డుకి మంచే జరిగింది.

నా మాటొకటే. దిగాలనుకున్న లెక్చరర్ రూల్స్ ఒప్పుకున్నంత వరకు సెలవు పెట్టి దిగాలి, ఒప్పుకోకపోతే రాజీనామా చేసి దిగాలి. ప్రభుత్వం కూడా ఆలోచించాలి, కనీసం పార్టీ గుర్తుల్లేని పంచాయతీ వార్డుకైనా జీతం లేని సెలవు మీద పోటీ చెయ్యనిస్తే ఇంట్లో ఆడవాళ్ళ పేరు వాడుకోవాల్సిన పని తగ్గుతుంది. ఇది కుదరదని నాకు చాలామంది చెప్పారు, కలెక్టరేట్‌లో పనిచేసే నా శిష్యుడైతే సార్ మీరు ఇంకా క్లాసులోనే ఉన్నారు అని నవ్వాడు. నవ్వితే నవ్వనీ.

ఎన్నికలొస్తే మీరు అభ్యర్థుల ఆస్తులు, కేసులు వేస్తారు కదా. ఈసారి ప్రొఫెసరో లెక్చరరో నిలబడితే సెలవులో ఉన్నాడా లేదా, ఉంటే ఆయన క్లాసులు ఎవరు చెప్తున్నారు అని కూడా మీ విలేకరిని కనుక్కోమనండి. కాలేజీకెళ్ళి టైంటేబుల్ చూస్తే పది నిమిషాల పని.

ఈ ఉత్తరంలో కాలేజీ పేరు, ఆయన పేరు కావాలనే రాయలేదు, మీకు తెలిసినా వెయ్యొద్దు. ఆవిడ మళ్ళీ నిలబడుతోందట, ఈసారి తన ఫోన్ నంబర్ తనే కరపత్రం మీద వేయించుకుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్చరర్