ఎర్రాకుల యాత్ర: నిరుడు మేము చేసిన పొరపాటు, ఈ ఏటి కొత్త తేదీలు

మాతో ప్రయాణించిన వారికి, ఈ ఏడాది వస్తామని అడుగుతున్న వారికి నమస్కారం.

2024 నవంబరులో జపాన్‌లోని క్యోటోకు, ఆ చుట్టుపక్కల కొండగుడులకు మేము తీసుకెళ్లిన 14 మంది చూడాలనుకున్నవి ఎర్రబారిన మేపుల్ ఆకులు. వారు చూసినవి మాత్రం క్యోటో నగరంలో ఇంకా పచ్చగానే ఉన్న చెట్లు, ఆ తరువాత కోయాసాన్ కొండ మీద అప్పటికే రాలి వానకు తడిసిన ఆకులు. నడుమ ఒకటిన్నర రోజు తకావో లోయలో దొరికిన ఎరుపే లేకపోతే మేము ముఖం చూపించలేకపోయేవాళ్లం. మా ప్రకటనలో వేసిన ఫొటో అంతకు ముందొక ఏడాది డిసెంబరు మొదటి వారంలో తీసినదని, అది ఏ వారం నాటిదో చెప్పకుండా నవంబరు నడిమి తేదీలు ప్రకటించామని ఇక్కడే ఒప్పుకుంటున్నాము. మార్గదర్శకుల రుసుము కింద తీసుకున్న మొత్తాన్ని ఆ 14 మందికీ తిరిగి చెల్లించాము. అయినా కారణం కూడా చెప్పడం మా బాధ్యత కనుక ఈ ఉత్తరం రాస్తున్నాము.

మన లెక్కలో ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాలలో. శరత్తులో ఆకులు రాలడమేమిటని బయలుదేరే ముందు ఒక పెద్దాయన అడిగారు, మేము నవ్వి ఊరుకున్నాము. అది నవ్వి ఊరుకోవలసిన ప్రశ్న కాదు. మన అడవులలో చాలా చెట్లు నేలలో తేమ తగ్గడం వల్ల ఆకు రాల్చుతాయి, జపాన్ మేపుల్ చలికి స్పందిస్తుంది. రాత్రి ఉష్ణోగ్రత 8 డిగ్రీల కిందికి దిగడం మొదలైన తరువాత ఆకులోని పత్రహరితం క్రమంగా తరిగిపోతుంది, పగటి ఎండకు ఆకులో తయారయ్యే చక్కెరల నుంచి ఆంథోసయనిన్ అనే ఎర్రని వర్ణకం ఏర్పడుతుంది. గింకో చెట్టు పసుపు సంగతి వేరు. ఆ రంగు ఆకులో ముందునుంచీ ఉండేదే, పచ్చదనం పోయాక బయటపడుతుంది. కాబట్టి ఎరుపు ఎప్పుడు వస్తుందన్నది క్యాలెండరు మీద కాక చలి మీద ఆధారపడి ఉంటుంది. చలి ఉత్తరం నుంచి దక్షిణానికి, కొండ నుంచి మైదానానికి దిగి వస్తుంది. జపాన్ ఉత్తర ద్వీపమైన హొక్కయిదోలోని దైసెత్సుజాన్ పర్వతాల మీద సెప్టెంబరులోనే మొదలయ్యే రంగు క్యోటో నగరంలోని గుడులకు చేరేసరికి నవంబరు చివరి వారం, ఒక్కోసారి డిసెంబరు కూడా అవుతుంది.

ప్రతి 100 మీటర్ల ఎత్తుకు సుమారు 0.6 డిగ్రీల చొప్పున చల్లబడుతుందని లెక్క వేసుకుంటే, దాదాపు 800 మీటర్ల ఎత్తున ఉన్న కోయాసాన్ మైదానం కంటే 5 డిగ్రీలు చల్లగా ఉంటుంది. అందుకే అక్కడ అక్టోబరు చివరి నుంచి నవంబరు నడిమి వరకు రంగు పండుతుంది. మేము నవంబరు 16న నగరంలో దిగి, నాలుగు రాత్రులు అక్కడే గడిపి, ఆ తరువాత కొండ ఎక్కాము. అంటే రంగు కొండ దిగుతుంటే మేము ఎదురెక్కాము. ఆ వరుస పెట్టడానికి కారణం కొండ మీది ఆలయ వసతి ఆ తేదీలకే సులువుగా దొరకడం, అంతే. మా సౌకర్యం చూసుకున్నాము, చెట్ల సంగతి చూడలేదు.

నిరుటి వేడి కూడా మాకు కలిసిరాలేదు. జపాన్‌లో 1898 నుంచి ఉన్న లెక్కలలో అప్పటి వరకు అత్యంత వేడిగా నమోదైన 2023 వేసవితో 2024 వేసవి సమానంగా నిలిచింది. అయితే దాన్ని సాకుగా చూపడం మాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఇది ఒక్క ఏటి ముచ్చట కాదు. అక్కడి వాతావరణ శాఖ 1953 నుంచి నమూనా చెట్లను గమనిస్తోంది, మేపుల్ ఎర్రబారే తేదీ పదేళ్లకు సుమారు 3 రోజుల చొప్పున ఆలస్యమవుతోందని దాని నమోదులు చెబుతున్నాయి. పాత పుస్తకాలు పట్టుకుని నవంబరు నడిమిలో క్యోటో చేరేవారికి ఇకమీదట పచ్చదనమే ఎక్కువగా దొరుకుతుందని మా అభిప్రాయం.

అందువల్ల ఈ ఏడాది ఒక్క యాత్రను రెండుగా విడగొట్టాము. కొండ, నగరం రెండూ ఎనిమిది రోజులలో పండిన ఎరుపుతో చూపించమని చాలామంది కోరుతున్నారు, అది కుదరదు. కుదురుతుందని చెప్పేవారుంటే వారిని తేదీలు అడగండి.

మొదటి యాత్ర నవంబరు 6 నుంచి 13 వరకు. కార్తీక పౌర్ణమి ఇంట్లో జరుపుకుని మరునాడు బయలుదేరవచ్చు. ఇందులో ముఖ్యమైనది కోయాసాన్‌లో రెండు రాత్రుల బస. కూకాయ్ అనే బౌద్ధాచార్యుడు 816లో నెలకొల్పిన ఈ క్షేత్రంలో వందకు పైగా ఆలయాలున్నాయి, వాటిలో దాదాపు 50 ఆలయాలు యాత్రికులకు వసతి ఇస్తాయి. ఎర్రాకులకు చూడవలసిన చోటు దంజో గరాన్ అనే ప్రధాన ఆలయ సముదాయం, దానికి దారితీసే జబరమిచి అనే సన్నని బాట. రెండు లక్షలకు పైగా సమాధుల నడుమ సాగే ఒకునోయిన్ బాట మరింత పేరున్నదే గాని, ఆ రెండు కిలోమీటర్ల పొడవునా ఉన్నవి ఆకు రాల్చని సుగి అనే జపాన్ సెడార్ చెట్లు. అక్కడ ఎరుపు వెతకవద్దు. సమాధి రాళ్ల మీద సిద్ధం అనే ప్రాచీన భారతీయ లిపిలో చెక్కిన సంస్కృత బీజాక్షరాలు కనిపిస్తాయి, వాటి కోసం నడవండి. ఆలయాలలో చేసే గోమా అనే అగ్నికార్యం పేరు మన హోమం నుంచి వెళ్లినదే. నిరుడు దాన్ని చూసినప్పుడు ఆకుల గురించి మా మీద ఉన్న కోపం చాలామందికి తగ్గినట్టు అనిపించింది, బహుశా అది మా ఊహే కావచ్చు.

కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి మానేసేవారికి ఈ బస అనుకూలం. ఆలయాలలో వడ్డించే షోజిన్ అనే భోజనంలో మాంసం, చేప, ఉల్లి, వెల్లుల్లి ఉండవు. చారుకు సముద్రపు నాచు, పుట్టగొడుగులు వాడతారు. బయటి హోటళ్లలో మాత్రం శాకాహారమని కనిపించే పులుసులో కూడా చేప సారం ఉంటుంది. నిరుడు రెండో రోజు మధ్యాహ్నం వరకు ఆ సంగతి మేము గట్టిగా చెప్పలేదు, అది మరొక తప్పు. గది చాప నేల మీద ఉంటుంది, పడక నేల మీదే, స్నానాల గది ఉమ్మడిది, నవంబరు రాత్రి చలి గట్టిగానే ఉంటుంది. నేల మీద కూర్చుని లేవలేనివారు ముందుగా చెబితే ఒకటి రెండు కుర్చీల ఏర్పాటుకు ప్రయత్నిస్తాము, మంచం హామీ ఇవ్వలేము.

కోయాసాన్ నుంచి దిగాక 848 మీటర్ల హియెయి పర్వతం మీద 788లో ఏర్పడిన ఎన్ర్యాకుజి ఆలయానికి వెళతాము. దాని ప్రధాన మందిరానికి 2016లో మొదలైన భారీ మరమ్మతుల వల్ల మేము వెళ్లినప్పుడు కట్టడమంతా కప్పి ఉంది. అందుకని ఆ కొండకు ఆకుల కోసం, 2,025 మీటర్ల పొడవుతో జపాన్‌లోకెల్లా పెద్దదైన సకమోతో కేబుల్ రైలు కోసం వెళుతున్నామనుకోండి. చివరగా తకావో లోయలోని జింగోజి ఆలయం. ఇది నగరం కంటే ముందే రంగు తిరిగే చోటు. ముందు లోయలోకి దిగి, తరువాత సుమారు 400 మెట్లు ఎక్కాలి.

రెండో యాత్ర నవంబరు 25 నుంచి డిసెంబరు 2 వరకు, నగరం కోసం. తోఫుకుజి గుడిలో లోయ మీద కట్టిన కప్పు వంతెన పేరు త్సుతెన్క్యో. దాని కింద దాదాపు 2,000 మేపుల్ చెట్లుంటాయి. పూలు పూస్తే జనం విందులకు చేరి సాధనకు భంగం కలుగుతుందని ఒక సన్యాసి చిత్రకారుడు కోరగా అక్కడి చెర్రీ చెట్లను కొట్టించారని కథ. పూల జనాన్ని తప్పించుకున్న ఆ గుడికి ఇప్పుడు ఆకుల జనం వస్తున్నారు. ఉదయం 8:30కు తలుపులు తెరిచే ముందే వరుసలో నిలబడతాము, శని ఆదివారాలు వెళ్లము. ఎయికాన్‌దో గుడికి సాయంత్రం వెళతాము. పక్కకు తల తిప్పి వెనక్కి చూస్తున్న అమిద బుద్ధుని విగ్రహం అక్కడుంది. సుమారు 77 సెంటీమీటర్ల ఆ చిన్న విగ్రహం దగ్గర మా బృందం నిరుడు అరగంట నిలిచిపోయింది. ప్రవేశ రుసుములన్నీ యాత్ర ధరలో కలిపే ఉన్నాయి.

ఒక రోజు నారా కొండలలోని మురోజికి. కోయాసాన్‌లో స్త్రీలకు ప్రవేశం లేని రోజులలో వారిని రానిచ్చిన గుడి కావడం వల్ల దానిని స్త్రీల కోయా అంటారు. సుమారు 16 మీటర్ల ఎత్తున్న అయిదంతస్తుల గోపురం మేపుల్ కొమ్మల నడుమ కనిపిస్తుంది. చివరి మందిరం దాకా సుమారు 700 మెట్లున్నాయి. మోకాళ్ల నొప్పులున్నవారు గోపురం దగ్గరే ఆగిపోవచ్చు, ఎర్రాకులు ఎక్కువగా ఉన్నదీ కింది భాగంలోనే.

రెండు యాత్రలలోనూ బృందం 10 మందికి మించదు. మనుషులు తగ్గినందువల్ల తలసరి ధర నిరుటి కంటే పెరిగింది, తగ్గించే దారి మాకు కనబడలేదు. ఎరుపు తప్పక కనిపిస్తుందన్న మాట మా ప్రకటనల నుంచి తొలగించాము, ఇకమీదట వేసే ప్రతి ఫొటో కింద అది తీసిన తేదీ ఉంటుంది. ప్రయాణానికి పది రోజుల ముందు చెట్ల స్థితి తెలిసినంత వరకు మీకు రాస్తాము. అది చూసి మానుకుంటే విమానం టికెట్టు, ఆలయ వసతి రద్దు రుసుము మినహా మిగతాది వాపసు ఇస్తాము. నిరుటి 14 మందిలో ఎవరైనా మళ్లీ రాదలిస్తే మా సేవా రుసుము తీసుకోము. వారిలో అయిదుగురు ఇప్పటికే రెండో యాత్రలో పేరు ఇచ్చారు కనుక అందులో మిగిలినవి 5 చోట్లు, మొదటి దానిలో 8.