గర్భిణి గుడ్డు గర్భిణికే దక్కాలి
ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందన్న భయం మన పల్లెల్లో ఇంకా గర్భిణుల కడుపు మాడుస్తోంది. పుట్టిన బిడ్డ 2.5 కిలోలకు తగ్గితే తక్కువ బరువు కింద లెక్క. తల్లికి తిండి, రక్తం చాలకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం. తెలంగాణ ప్రభుత్వ ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులు భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అంగన్‌వాడీలోనే కూర్చుని తీసుకోవాలి. మా వీధిలో అవి స్టీలు డబ్బాలో ఇల్లు చేరుతున్నాయి: గుడ్డు పెద్దపిల్లాడికి, పాలు అత్తగారి టీలోకి (ఆ టీ మాత్రం భలే చిక్కగా ఉంటుంది). కోడలిని తప్పుపట్టి లాభం లేదు. నెలకోసారి అత్తనూ భర్తనూ పిలిపించి, వాళ్ల ఎదుటే గర్భిణిని తూకం వేసి, ఆ బరువు కార్డులో రాసి చూపించాలి. కూలికి వెళ్లేవారికి మధ్యాహ్నం దాటినా భోజనం తీసి ఉంచాలి.
– ఒక అమ్మమ్మ, నల్గొండ జిల్లా