ఉప్పు ఎడారిలో నీళ్ళు దాచుకున్న ఊరు

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? చెల్లెమ్మా, పిల్లలూ కులాసాయేనా? ఫోన్‌లో చెబుదామంటే నువ్వెప్పుడూ కాలవ గట్టు మీదే ఉంటావు. రెండు ముక్కలు మాట్లాడగానే "మళ్ళీ చేస్తారా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం పట్టాను. తీరిగ్గా చదువు.

ముందు నువ్వు పంపిన వీడియో సంగతి. మొహెంజొదారో మీద వేల ఏళ్ళ కిందటే అణుబాంబు పడిందట! ఇంజనీరువై ఉండి నీకిదేం పిచ్చిరా? ఆ వీధుల్లో, ఇళ్ళల్లో దొరికిన అస్థిపంజరాలు నలభై దాకా ఉంటాయి. వాటిని చూసి మార్టిమర్ వీలర్ అంతటి పురావస్తు పండితుడే, ఎవరో దండెత్తి వచ్చి ఊచకోత కోశారన్నాడు. 1964లో జార్జ్ డేల్స్ అనే ఇంకో పురావస్తు పండితుడు ఆ మాటని చీల్చి చెండాడాడు. అవన్నీ ఒకే పొరలో దొరికినవి కావు, ఒక్కసారిగా చచ్చిపోయినవాళ్ళవీ కావు. ఊచకోత కథే నిలబడకపోతే ఇక బాంబు ఎక్కడిదిరా?

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, సింధు నాగరికత అనగానే అందరూ అది ఎలా చచ్చిందనే అడుగుతారు. అన్ని వందల ఏళ్ళు ఎలా బతికిందని ఒక్కడూ అడగడు. పోయిన చలికాలం మీ చెల్లెలూ నేనూ గుజరాత్ వెళ్ళి ఆ నాగరికత నాటి ఊరు ధోలావీరా చూసొచ్చాం కదా, అప్పట్నుంచీ నాకు ఆ బతుకు సంగతే బుర్రలో తిరుగుతోంది.

భుజ్ నుంచి ఖావ్డా మీదుగా వెళ్తే, రణ్ అనే ఉప్పు ఎడారి మధ్యలోంచి వేసిన రోడ్డు ఉంది. రెండు పక్కలా కనుచూపు మేర ఉప్పే. దాని అవతల ఖదీర్ అని ఒక దీవి లాంటి మెరక, దాని మీద ఈ ఊరు. ఆ దిబ్బని అక్కడివాళ్ళు కోటడా అంటారు. 1960ల్లో పురావస్తు శాఖ జగత్‌పతి జోషి ద్వారా దీని సంగతి లోకానికి తెలిసింది. 1990 నుంచి ఆర్.ఎస్. బిష్త్ ఏళ్ళ తరబడి తవ్వించారు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. సరే, ఈ తేదీలు పక్కన పెట్టు. నీకు నచ్చేది ముందుంది.

చుట్టూ ఉప్పు. వాన అంతంత మాత్రం, కొన్నేళ్ళు అదీ ఉండదు. ఏడాది పొడుగునా పారే నది దగ్గరలో లేదు. ఉన్నవల్లా ఊరికి ఉత్తరాన మన్సర్, దక్షిణాన మన్హర్ అని రెండు వాగులు. వానాకాలంలో నాలుగు రోజులు పారి ఎండిపోతాయి. అలాంటి చోట 48 హెక్టార్ల కోట కట్టుకుని, దాని లోపలి స్థలంలో పెద్ద వాటా జలాశయాలకి వదిలేశారురా! వాగులకి అడ్డంగా రాతి కట్టలు కట్టి, నీటిని ఊళ్ళోకి మళ్ళించారు. ఆ రెండు వాగుల మధ్య నేలకి దాదాపు 13 మీటర్ల వాలు ఉంది. ఆ వాలునే వాడుకుని ఒక చెరువు నిండితే ఇంకోదానిలోకి నీరు దిగేలా వరసగా అమర్చారు. తూర్పు వైపు ఉన్నది ఒక్కటే 73 మీటర్ల పొడవు, 29 మీటర్ల వెడల్పు. గట్టు మీద నిలబడి చూస్తే మన పాతకాలం గుళ్ళ కోనేరు గుర్తొచ్చింది, మెట్లతో సహా. దక్షిణం వైపు బండనే తొలిచి ఇంకో వరస చేశారు. పైన రాజకోట లాంటి భాగంలో పడ్డ వాన చుక్క కూడా వృథా పోకుండా నేల కింద కాలవలు. కొన్నిచోట్ల వాటిలో మనిషి దూరి నడవొచ్చు.

మొహెంజొదారోది వేరే పద్ధతి. పక్కనే సింధు నది, కాబట్టి అక్కడ బావుల మీద పడ్డారు. ఒక్క ఊళ్ళోనే 700 దాకా బావులుండేవని అంచనా. దాదాపు ఇంటింటికీ స్నానాల గది, దాన్నుంచి వీధిలోని మూత వేసిన మురుగు కాలవలోకి దారి. మా కాలనీలో మూత లేని కాలవ గురించి అర్జీ పెట్టీ పెట్టీ విసిగిపోయినవాడిని, నాకు ఎలా ఉంటుందో ఊహించుకో.

ఇక వీళ్ళలో అసలు వింత ఇది. ఇంత పని ఎవరు చేయించారో ఆనవాలు లేదు. ఈజిప్టులో అయితే రాయి రాయికీ రాజు పేరే. ఇక్కడ ఒక్క రాజు పేరు లేదు, ఇదీ అంతఃపురం అని తేల్చి చెప్పగల మేడ లేదు. ధోలావీరాలో ఒక పెద్ద గుండ్రటి సమాధి దిబ్బ తవ్వితే లోపల మనిషి ఎముకలే లేవు! కానీ దాదాపు అన్ని ఊళ్ళలోనూ ఇటుక పొడవు, వెడల్పు, మందాలకి ఒకటే లెక్క, 4:2:1. తూకం రాళ్ళు కూడా అంతే, 1, 2, 4, 8, 16 అని రెట్టింపవుతూ పోతాయి. గుజరాత్‌లోనూ పంజాబ్‌లోనూ అదే తూకం. రాజు లేకుండా ఈ కట్టుబాటు ఎలా నిలిచిందో! నాకైతే వర్తకులే పట్టుబట్టి నిలబెట్టారనిపిస్తుంది. తూకం తేడా వస్తే ముందు గోల పెట్టేది వాళ్ళే కదా.

పోనీ రాసి పెట్టారా అంటే, రాశారు. చదవడమే రాదు. ధోలావీరా ఉత్తర ద్వారం దగ్గర పది గుర్తులున్న బోర్డు దొరికింది. ఒక్కో గుర్తూ 37 సెంటీమీటర్ల ఎత్తు, తెల్లటి జిప్సం ముక్కలతో చెక్క మీద పొదిగారు. చెక్క చివికిపోయింది, గుర్తులు మిగిలాయి. అందులో బండి చక్రం లాంటిది నాలుగుసార్లు వస్తుంది. ఊరి పేరంటావా? "స్వాగతం" అంటావా? నీ ఇష్టం! మామూలుగా ముద్రల మీద నాలుగైదు గుర్తులే ఉంటాయి, అంత చిన్న రాతలతో ఎవరు మాత్రం ఏం తేలుస్తారు? ఈ లిపి మీద ఏళ్ళ తరబడి పనిచేసిన ఐరావతం మహదేవన్, అస్కో పర్పోలా లాంటి పండితులు అది ద్రావిడ భాష అన్నారు. అదే నిజమైతే మన తెలుగుకీ ఏదో చుట్టరికం ఉన్నట్టే. 2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం ఈ లిపిని చదివినవాళ్ళకి పది లక్షల డాలర్లు ఇస్తానంది. మీ బావమరిది ఖాళీగానే ఉన్నాడు కదా, చెప్పి చూడు.

నా ఆశ మాత్రం ఇంకోచోట ఉంది. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఒక మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్ వైపు) ముద్ర ఉంది. దాని మీద షు-ఇలిషు, మెలుహ్హ భాషకి దుబాసీ అని రాసుంది. మెలుహ్హ అంటే సింధు దేశమేనని చాలామంది పండితుల మాట. దుబాసీ ఉద్యోగమే ఉందంటే రెండు భాషల్లోనూ రాసిన పలక ఏ ఇసకలోనో ఉండకపోదు.

ధోలావీరా చివరికి ఏమైందంటావా? బాంబూ లేదు, గింబూ లేదు. పట్టణం చిన్నదైపోయింది, కొన్నాళ్ళు పాడుబడింది. తర్వాత మళ్ళీ జనం వచ్చారు, కానీ వీధులూ కోటగోడలూ కట్టలేదు, గుండ్రటి ఇళ్ళు వేసుకున్నారు. ఎండిపోతున్న కాలం, సన్నగిల్లిన వ్యాపారం, అన్నీ కలిసొచ్చాయంటారు. వీడియోలకి పనికొచ్చే ముగింపు కాదు, ఏం చేస్తాం!

నాకు ఒక్కటి అంతుపట్టలేదురా. వాగు నీళ్ళతో పాటు వచ్చే పూడిక సంగతి ఏం చేసేవాళ్ళు? నువ్వు వస్తే కట్టలు చూసి చెప్పగలవు. డిసెంబరులో పెట్టుకుందాం, అంతకుముందైతే ఎండకి మాడిపోతాం. సెలవు ఇప్పుడే అడుగు, ఆఖరి నిమిషంలో "ఆడిట్ ఉందిరా" అన్నావంటే ఊరుకోను. చెల్లెమ్మని కూడా తీసుకురా, భుజ్‌లో కొనుక్కోవడానికి చాలా ఉన్నాయని మీ చెల్లెలు చెప్పమంది.

నీ,
రఘు