పేరు అరిగిపోయిన గిన్నె

మూలాపేట, నెల్లూరు
ఆదివారం

చి. సుధకు నాయన దీవించి రాసేది. ఇక్కడ నేనూ జేజీ క్షేమం. నువ్వు కొరియర్లో పంపిన బొమ్మల నవల అందింది. లోపల చీటీ ముక్క కూడా లేదు. మూడు వారాలుగా ఫోన్ ఎత్తని దానివి, చీటీ అన్నా పెట్టుంటావని పేజీలన్నీ దులిపి చూశా.

పిల్లకాయల పుస్తకమేమో అనుకున్నా ముందు. రాత్రి నిద్రపట్టక తిరగేశా. భార్య పోయినాయన కుర్చీలో కూర్చోనుంటాడు, కిటికీలో ఎండ మాత్రం మారతా ఉంటుంది, మాటే లేదు. గబగబా తిప్పేసి, మళ్లీ వెనక్కొచ్చి ఒక్కో బొమ్మా చూశా. వీధిలో వాళ్లు మూతపెట్టిన గిన్నెలు తెచ్చి గుమ్మంలో పెట్టిపోతారే, ఆ పేజీ దగ్గర నా వల్ల కాలేదమ్మా. లేచి వంటింట్లోకి పోయి లైటేశా.

అమ్మ పోయినప్పుడు 11 రోజులు మన పొయ్యి వెలగలేదు కదా. కర్మ అయినాక గిన్నెలన్నీ తోమి, మీద కొట్టించిన పేర్లు చూసుకుంటా నేనూ బాబాయీ ఇల్లిల్లూ తిరిగి ఇచ్చొచ్చాం. ఒక్కటి మిగిలింది. పేరంతా అరిగిపోయి 'మ' ఒక్కటే కనబడతా ఉంది. మణెమ్మ తనది కాదంది. మస్తానమ్మా కాదంది.

మస్తానమ్మ సంగతి నీకు చెప్పలేదు. నీ ఉద్యోగం కోసం అమ్మ రొట్టెల పండక్కి పోయింది కదా. ఆ 12 మంది షహీదులకు మొక్కి, స్వర్ణాల చెరువు నీళ్లల్లో నిలబడి, ముక్కూమొఖం తెలియని ఆడమనిషి చేత ఉద్యోగ రొట్టె పుచ్చుకుంది. కోరిక తీరితే మరుసటేడు తనూ రొట్టె తీసుకుపోయి అడిగినోళ్లకి ఇవ్వాల. నీకు ఆర్డరొచ్చింది. మొహర్రం వచ్చేసరికి అమ్మ లేదు. నాకా సంగతే తట్టలేదు. పండగనాడు తెల్లారకముందే మస్తానమ్మ వేడి రొట్టెలు గుడ్డలో చుట్టుకొని గేటు కాడ నిలబడింది. 'అన్నా, వొదిన రొట్టె బాకీ ఉండాది, పద' అనింది. నేను గట్టునే ఉండిపోయా. ఆమె కొంగు తలమీద కప్పుకొని నీళ్లల్లోకి దిగి, ఉదయగిరి పిల్లెవరో అడిగితే ఇచ్చింది. ఆ పిల్ల అక్కడే తుంచి నోట్లో పెట్టుకుంది. చేతులు వణకతా ఉన్నాయి. అమ్మ పేరన్నా తెలీదు ఆ పిల్లకి.

మురళి మొన్న బస్టాండులో కలిశాడు. నువ్వు ఆ ఉద్యోగం మానేశావంట. మానేస్తే మానెయ్, రొట్టె బాకీ తీరిపోయింది. తలుపేసుకొని మాత్రం కూర్చోవద్దు. పక్కింటోళ్లు పిలిస్తే పలుకు. వాళ్లు పెట్టింది తిను, వద్దనకు. వేళకు పడుకో. అమ్మ పోయిన రోజు నువ్వు ఏడవకుండా వచ్చినోళ్లందరికీ మజ్జిగ ఇస్తా తిరిగావు. నేనది అప్పుడే కనిపెట్టి నిన్ను కూర్చోబెట్టాల్సింది.

జేజి సాయంత్రమైతే ఫోన్ ఒళ్లో పెట్టుకొని కూర్చుంటోంది. నీకు మొలగొలుకుల బియ్యం 5 కిలోలు, ఎండు నెత్తళ్లు కట్టించి పెట్టా. శుక్రవారం రాత్రి బస్సెక్కు, కిటికీ పక్కన కూర్చుంటే చెవులకు గుడ్డ కట్టుకో. ఆ గిన్నె అలమర పై అరలో ఉంది. ఆ రోజుల్లో గుమ్మం కాడ అన్నీ అందుకున్నది నువ్వే, ఎవరిదో నీకే తెలియాల.

నాయన